తెలుగు బీరువాను మేమే ఖాళీ చేశాం

కొత్త పుస్తకాలు అట్టపెట్టెల్లో వచ్చాయి. ఎక్కడ సర్దాలో తోచక లైబ్రేరియన్ వాటిని తలుపు పక్కనే నేలమీద దొంతర్లుగా పేర్పించాడు. లోపలికి వెళ్ళాలంటే వాటి మీదుగా కాలు చాచి దాటాలి. పుస్తకాన్ని దాటకూడదని చిన్నప్పటినుంచీ చెప్పించుకున్నదాన్ని కాబట్టి ప్రతిసారీ చేత్తో తాకి, కళ్ళకద్దుకుని మరీ దాటేదాన్ని. ఎనభైల చివర్లో, నేను కాలేజీలో చేరిన కొత్తలో జరిగిన సంగతి ఇది. బిలాస్‌పూర్‌లో మా రైల్వే క్వార్టర్లకూ బుధవారి బజారుకూ మధ్య ఉండేది ఆ లైబ్రరీ. పేరుకు ఊరందరిదీ. వచ్చేది మాత్రం ఎక్కువగా రైల్వేవాళ్ళే.

ఆ పుస్తకాల్లో చాలావరకు హిందీవి, కొద్దిగా ఇంగ్లీషువి. సగం ఎవరెవరో రాసుకున్న జీవిత జ్ఞాపకాలు. వీధి దీపం కింద చదివి పెద్ద ఆఫీసరైన మనిషి, కుట్టుమిషనుతో మొదలుపెట్టి ఫ్యాక్టరీ కట్టిన మనిషి, మంచం పట్టి లేచి కొండలెక్కిన మనిషి. తక్కిన సగం మనల్ని మనం బాగుచేసుకునే పుస్తకాలు. భయం పోగొట్టుకోవడం ఎలా, ఇంటర్వ్యూలో కుర్చీ మీద ఎలా కూర్చోవాలి, పై అధికారి మనసు ఎలా గెలుచుకోవాలి. అట్టల మీద ఉదయిస్తున్న సూర్యుడో, నిచ్చెనో, కాకపోతే టై కట్టుకుని మనవైపు వేలు చూపిస్తున్న పెద్దమనిషో ఉండేవాడు. ఆ వేలు నన్నే చూపిస్తోందని నాకు గట్టి నమ్మకం.

వాటికి నేను పూర్తిగా పడిపోయాను. రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి "నేను చేయగలను" అని పైకి అనుకోవాలని ఒక పుస్తకంలో ఉంది. మా ఇంట్లో అద్దం నాన్న గడ్డం గీసుకోవడానికి వీలుగా ఆయన ఎత్తులో మేకుకి తగిలించి ఉండేది. అందులో నాకు నా నుదురు మాత్రమే కనబడేది. అలాగే నుదుటికి చెప్పుకునేదాన్ని, నేను చేయగలను అని. ఏం చేయగలనో ఆ పుస్తకం చెప్పలేదు, నేనూ అడగలేదు.

నాన్న కట్నీ లైనులో ప్యాసింజరు బండ్లకు గార్డు. తాతలనాడే శ్రీకాకుళం వైపునుంచి రైల్వే పనికి వచ్చి స్థిరపడిన కుటుంబం. అమ్మది మాత్రం అటే పుట్టిల్లు, పెళ్ళితోనే ఈ ఊరు వచ్చింది. కూరలమ్మితో బేరమాడేంత హిందీ వచ్చు, అక్షరం మాత్రం రాదు. తెలుగు చదువుతుంది, ఐదో తరగతి చదువుతో, పెదవులు కదుపుకుంటూ, నెమ్మదిగా. నా సంగతి దానికి తిరగేసి. హిందీ మీడియంలో చదివినదాన్ని, తెలుగు వాగడమే తప్ప చదవలేను. నాకు తెలుగు చదవడం పెళ్ళయ్యాక విజయనగరంలో బస్సుల మీద బోర్డులు చూసి పట్టుబడింది. అప్పటికి చాలా ఆలస్యమైంది. ఎందుకన్నది ఈ కథంతా చదివితే తెలుస్తుంది.

లైబ్రరీలో ఒక్క తెలుగు బీరువా ఉండేది. మా పెద్దవాళ్ళు ఎప్పుడో చందాలేసుకుని, ఊరికి వెళ్ళొచ్చినవాళ్ళ చేత తెప్పించి నింపిన పుస్తకాలు. దాని పక్కన బెంగాలీవాళ్ళ బీరువా. మిగతావన్నీ హిందీ. అమ్మ లైబ్రరీకి వచ్చేది కాదు. మగవాళ్ళు బల్లల మీద మోచేతులు ఆనించి పేపర్లు చదువుకునే చోటికి తనెందుకు అనేది. నేనే తెచ్చిపెట్టేదాన్ని. పేర్లు చదవలేనుగా, తెచ్చిందే మళ్ళీ తెచ్చి తిట్లు తినేదాన్ని. దానికి అమ్మ ఒక ఉపాయం పెట్టింది. చదవడం పూర్తయిన పుస్తకం చివరి పేజీలో, కింద మూలన, పసుపు అద్దిన వేలితో ఒక చిన్న బొట్టు పెట్టేది. నేను బీరువా ముందు నిలబడి చివరి పేజీలు తిప్పేదాన్ని. పసుపు ఉంటే వదిలేయడం, లేకపోతే తీసుకోవడం. లైబ్రేరియన్ ఇది చూసి, మీవాళ్ళు పుస్తకాలకు కూడా పూజ చేస్తారా అని అడిగాడు. అవునన్నాను. అంతకన్నా వివరంగా చెప్పే ఓపిక లేకపోయింది.

ఆ రోజుల్లో అమ్మ చేతిలో ఉన్నది ఒక నర్సు రాసుకున్న తన కథ. అట్ట ఊడిపోయి, మొదటి పేజీలు చిరిగిపోయి, రాసినావిడ పేరేమిటో, పుస్తకం పేరేమిటో కూడా తెలియకుండా పోయిన పుస్తకం. సముద్రం ఒడ్డున ఏదో ఊళ్ళో, సైకిలు మీద తిరుగుతూ కాన్పులు చేసిన మనిషట. నాన్న డ్యూటీకి వెళ్ళి, కొళాయి ఆగిపోయి, గిన్నెలు బోర్లించాక అమ్మ వెనక వరండాలో గోనెపట్టా వేసుకుని కూర్చునేది. ఆ గంటసేపు పిలిస్తే పలికేది కాదు. వినబడక కాదు. వినబడిందని నాకు తెలుసు, నాకు తెలుసని తనకీ తెలుసు.

ఒకరోజు లైబ్రేరియన్ నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. ఆయన రోజూ రతన్‌పూర్ నుంచి బస్సులో వచ్చేవాడు, మెత్తటి మనిషి. కొత్త పుస్తకాలకు చోటు లేదు. ఏదో ఒక బీరువా తీసేయాలని కమిటీ అనుకుంటోంది. అన్నిట్లోకి తక్కువ కదిలే బీరువా తెలుగుదే. కమిటీకి పెద్ద ఒక ఆఫీసరు, ఆయన వచ్చే వారం స్వయంగా చూసి తేలుస్తాడు. మీ ఇంట్లో తప్ప ఇంకెవరు చదువుతున్నారు బేటీ, అని ఆయన అడిగిన తీరులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మా ఈడు పిల్లలెవరికీ తెలుగు రాదు. పెద్దవాళ్ళకు కళ్ళు కనబడవు, కనబడినవాళ్ళకు తీరిక లేదు.

ఇంటికొచ్చి చెప్పాను. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఎప్పటినుంచని మాత్రం అడిగింది. ఆ మొహం చూసి నాలో ఉన్న పుస్తకాల పెద్దమనిషి లేచి కూర్చున్నాడు. దిగులెందుకు, హిందీ పుస్తకాలు బోలెడున్నాయి, నేను చదివి తెలుగులో చెబుతానన్నాను. ఆ సాయంత్రమే కుట్టుమిషను మనిషి కథ మొదలుపెట్టాను. ఒక వాక్యం చదవడం, దాన్ని తెలుగులోకి లాక్కురావడం. అమ్మ చేటతో సహా బుద్ధిగా కూర్చుని వింది. మధ్యలో పాలవాడొచ్చాడు, లేచి వెళ్ళి వచ్చింది. నేను ఆగాను. మళ్ళీ మొదలుపెట్టాను. మూడో రోజుకి తనే నా చేతిలో పుస్తకం మెల్లిగా మూసింది.

"బావుంది గానమ్మా, నువ్వు సదివితే ఇంకోళ్ళతో మాటాడినట్టుంటాది," అంది. "నాను సదువుకున్నప్పుడు ఎవులూ ఉండరు. అదే నాకు కావాలి."

నాకు కోపం వచ్చింది. చేసిన సాయం అక్కర్లేదంటే ఎవరికైనా వస్తుంది. ఆ కోపంలోనే అర్థమైంది కూడా. ఆ ఇంట్లో రెండు గదులు, అందరి బట్టలకీ ఒకటే దండెం, అందరికీ ఒకటే బల్బు. అమ్మ ఒక్కతే ఉండే చోటంటూ ఏదైనా ఉంటే అది ఆ బీరువాలో ఉంది. దాన్ని నేను తెచ్చివ్వలేను, చదివి వినిపించలేను.

నాన్నకు సంగతి తెలిసింది డ్యూటీనుంచి వచ్చాక. బూట్లు కూడా విప్పకుండా విన్నాడు. కాస్సేపటికి ఆయన మొహంలో వెలుగు వచ్చింది. ఆ లైనులో కోటా అనే ఊరు దాటాక అడవిలో ఒక చిన్న హాల్టు ఉండేది. ప్లాట్‌ఫారం లేదు, ఒక రేకుల షెడ్డు, టిక్కెట్లమ్మే ఒక మనిషి. టిక్కెట్లు అమ్ముడుకావడం లేదని దాన్ని ఎత్తేస్తామన్నారట. అది తెలిసి చుట్టుపక్కల పల్లెలవాళ్ళు రోజూ వచ్చి టిక్కెట్లు కొనడం మొదలుపెట్టారు. బండి ఎక్కరు, ఎక్కడికీ వెళ్ళరు. కొంటారు, జేబులో పెట్టుకుని ఇంటికి పోతారు. నాన్న బండి చివర బ్రేక్ వ్యానులోంచి కళ్ళారా చూసేవాడు, చేతిలో టిక్కెట్లు పట్టుకుని బండికి చేతులూపుతున్న జనాన్ని. హాల్టు నిలబడింది.

"టిక్కెట్లు తెగితే స్టేషన్ ఎత్తీయరు," అన్నాడు నాన్న. "పుస్తకాలకైనా అంతే గదా. ఇష్యూ సేయించీడమే."

మా కాలనీలో ఇది ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేకపోయింది. అందరూ రైల్వేవాళ్ళే, అందరికీ హాల్టుల సంగతి తెలుసు. నాన్న సైకిలు వేసుకుని తెలుగువాళ్ళ క్వార్టర్లన్నీ తిరిగాడు. కార్డు ఉన్నవాళ్ళు కార్డు పట్టుకుని వచ్చారు, రాలేనివాళ్ళు కార్డు నాన్న చేతికిచ్చారు. మనిషి రాకుండా కార్డు మీద పుస్తకం ఇవ్వడం రూలు కాదు. లైబ్రేరియన్ కాస్త నసిగాడు గానీ నాన్న మొహం చూసి ఒప్పుకున్నాడు. ఒక్క పుస్తకం పోయినా తనదే పూచీ అని నాన్న మాటిచ్చాడు. ఇన్‌స్పెక్షన్‌కి ముందురోజు సాయంత్రం మా వాళ్ళు పుస్తకాలు పట్టుకుని వరసగా గేటు దాటి వెళ్తుంటే ఊరేగింపులా ఉంది. చదవడం రాని పిల్లలు కూడా చంకలో పెట్టుకుని నడిచారు. పక్కింటి పిన్ని తన వంతు పుస్తకాన్ని దేవుడి దగ్గర పెట్టి పువ్వు పెట్టింది. మా నాన్న అంత సంతోషంగా ఉండడం నేను మళ్ళీ చూడలేదు. అమ్మ కూడా ఆ రాత్రి నవ్వింది. అమ్మ చదువుతున్న నర్సు పుస్తకం మా కార్డు మీదే ఉండిపోయింది.

ఇంతమంది పెద్దలు, ఇంతమంది సిగ్నళ్ళూ టైం టేబుళ్ళూ కంఠతా పట్టినవాళ్ళు, ఒక్కరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

మర్నాడు కాలేజీ ఎగ్గొట్టి లైబ్రరీకి వెళ్ళాను. పై అధికారి మనసు గెలుచుకునే పుస్తకం చేతిలో పట్టుకుని, అందులో చెప్పినట్టు చిరునవ్వు, నిటారు వెన్ను, కళ్ళలోకి చూపు, అన్నీ సిద్ధం చేసుకుని కూర్చున్నాను. బెంగాలీ తాతలు నలుగురైదుగురు వాళ్ళ బీరువా ముందు కుర్చీలు లాక్కుని, ఒక్కొక్కరూ ఒక్కో పుస్తకంలో తల దూర్చి ఉన్నారు. బీరువా తలుపులు బార్లా తెరిచి పెట్టారు. వాళ్ళకేమీ మాయోపాయాలు లేవు. వచ్చి కూర్చున్నారు, అంతే.

ఆఫీసరు కమిటీవాళ్ళతో కలిసి వచ్చాడు. చెడ్డమనిషి కాదు, నవ్వుమొహం. బెంగాలీ తాతలకు నమస్కారం పెట్టాడు. తర్వాత మా తెలుగు బీరువా ముందుకు వచ్చి తలుపు తీశాడు. నాలుగు అరలూ కనబడ్డాయి, అడుగున పరిచిన పాత పేపర్లతో సహా. తలుపు దగ్గర నేలమీది దొంతర్లకేసి ఒకసారి చూసి, బీరువాకేసి ఒకసారి చూశాడు.

"అరే, ఇది ఖాళీగానే ఉందిగా," అన్నాడు హిందీలో. "ఇది పెట్టుకుని పుస్తకాలు నేలమీద పడేశారేమిటి?"

లైబ్రేరియన్ గబగబా కార్డుల ట్రే తెచ్చి చూపించాడు. అన్నీ ఇళ్ళకు వెళ్ళాయి సార్, చాలా డిమాండు సార్ అన్నాడు. ఆఫీసరు నిజంగానే సంతోషించాడు. చదువుకోనివ్వండి, తిరిగి వచ్చినప్పుడు చూద్దాం, ముందు వీటిని సర్దండి అన్నాడు. నేను లేచి నిలబడ్డాను. చిరునవ్వు ఎక్కడికి పోయిందో తెలియలేదు. ఏం చదువుతున్నావని ఆయనే పలకరించాడు. ఆయన నా చేతిలో పుస్తకం అట్ట చూసి, శాబాష్ అన్నాడు. చూశారా, పిల్లలకు కావలసినవి ఇవీ, అని కమిటీవాళ్ళకు నన్నే చూపించాడు. టై కట్టుకున్న పెద్దమనిషి అట్ట మీదనుంచి ఆయన్ని సమర్థిస్తూ వేలు చూపిస్తున్నాడు. నేను నుదుటికి చెప్పుకున్న మాటల్లో ఒక్కటీ ఆ పూట పనికి రాలేదు. మధ్యాహ్నానికి బీరువా నిండిపోయింది, పాత పేపర్లు తీసి కొత్తవి పరిచి మరీ.

నాన్నకు ఇంట్లో నేనే చెప్పాను. చేతిలో ఎర్ర జెండా, పచ్చ జెండా చుట్టలు అలాగే పట్టుకుని మంచం అంచున కూర్చున్నాడు. ఎవరి మీద కోప్పడాలో ఆయనకు తెలియలేదు. పాపం, వెతికి చూశాడు కూడా, ఆఫీసరు, లైబ్రేరియన్, బెంగాలీవాళ్ళు. ఎవరూ దొరకలేదు.

"హాల్టులో టిక్కెట్టు పట్టుకెళ్ళినా స్టేషన్ అక్కడే ఉంటాది," అన్నాడు చివరికి. "మనం టిక్కెట్లు కొన్లేదు. స్టేషన్నే ఇంటికి తెచ్చీసినాం."

అమ్మ అన్నం వడ్డించింది. దాని గురించి ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది, నాన్న కాస్తంత తినేవాడు.

తర్వాత జరిగిందంతా రూలు ప్రకారమే జరిగింది. కొత్త రిజిస్టరు మొదలవుతోంది, బీరువా లేని పుస్తకాలను లెక్కలోంచి తీసేయాలి, తీసేయాలంటే ముందు అవన్నీ చేతికి రావాలి. నెలాఖరుకి ఏది రాకపోతే దాని ఖరీదు లైబ్రేరియన్ జీతంలో పట్టుకుంటారు. వచ్చినవాటిని మూటలు కట్టి మెట్లకింద గదిలో పడేస్తారట, ఆ తర్వాత ఎక్కడికి పంపుతారో ఆయనకే తెలియదు. ఇది చెబుతున్నప్పుడు లైబ్రేరియన్ నాన్న కళ్ళలోకి చూడలేకపోయాడు. మనిషి రాకుండా కార్డుల మీద ఇచ్చింది ఆయన, నాన్న మాట నమ్మి.

నాన్న మళ్ళీ సైకిలు తీశాడు. ఈసారి హ్యాండిల్‌కి గోనెసంచీ. నేను పక్కన నడిచాను. ఏ ఇంట్లో పుస్తకం ఆ ఇంటివాళ్ళు తెచ్చి ఇచ్చారు. కొందరు ఎందుకని కూడా అడగలేదు. పక్కింటి పిన్ని పువ్వు తీసి కళ్ళకద్దుకుని ఇచ్చింది. మావాళ్ళకు రైల్వే ఆస్తి అన్నా, లైబ్రరీ ఆస్తి అన్నా ఒకటే భయం. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు దాచుకుని ఉంటే అని నేను లోపల మొక్కుకుంటూ నడిచాను. అందరూ నిజాయితీపరులే అయిపోయారు. సంచీ నిండుతున్నకొద్దీ నాన్న నడక నెమ్మదించింది.

చివరికి మా ఇంటికొచ్చాం. అమ్మ వెనక వరండాలో ఉంది. మమ్మల్ని చూసి పుస్తకం ఒళ్ళో మూసుకుంది, వేలు మాత్రం లోపలే ఉంచింది. పుస్తకంలో నర్సమ్మ తన అన్నతో గొడవపడి, తెల్లారుజామున తెలియని ఊళ్ళో రైలు దిగి, ఒక ఇంటి తలుపు కొడుతోందట. ఆ ముక్క అమ్మ ముందురోజే నాకు చెప్పింది. అడగకుండానే చెప్పింది, అంత ఆత్రం తనది.

"రెండ్రోజులుండనివ్వండి," అంది. "సగమే అయినాది."

నాన్న సంచీకేసి చూశాడు. ఆయనకు ఆ రెండ్రోజులూ ఇవ్వాలని ఉంది. ఆయన పక్కన నిలబడిన నాకు అది తెలుస్తోంది. ఆ సాయంత్రమే గడువు, మర్నాడు పొద్దున్నే ఆయన డ్యూటీ.

"అందరి దగ్గరా గుంజుకొచ్చినాను," అన్నాడు, గొంతు తగ్గించి. "మనింట్లోది అట్టిపెట్టుకుంటే ఆ లైబ్రేరియన్ మొహం ఎలగ సూడ్డం?"

ఆయన అన్నది న్యాయం. లైబ్రేరియన్ భయం న్యాయం. ఆఫీసరు ఖాళీ బీరువా నింపడం కూడా న్యాయమే. ఇన్ని న్యాయాల మధ్య అమ్మకు రెండ్రోజులు దొరకలేదు. నాకు ఏడుపొచ్చింది. తెలుగు వచ్చి ఉంటే ఆ నడుస్తున్న దారిలో, సంచీ మోస్తూనైనా, మిగతా సగం గబగబా చదివి తలుపు ఎవరు తీశారో అమ్మకు చెప్పేదాన్ని. ఆ పుస్తకంలో ఒక్క వాక్యం కూడా నాకు లొంగదు.

అమ్మ పుస్తకం పట్టుకునే లేచి వంటింట్లోకి వెళ్ళింది. పసుపు డబ్బా మూత తీసిన చప్పుడైంది. పుస్తకం చివరి పేజీ తెరిచి గట్టు మీద పెట్టి, కింద మూలన వేలితో అద్దింది.

"అదేంటమ్మా, ఇంకా అవలేదు కదా," అన్నాను.

"ఇంకెప్పుడు అవుతాదే," అంది అమ్మ. "పేరైనా తెలీదు. మల్లీ నా సేతికి ఎవులు తెస్తారు?"

పసుపు ఆరేదాకా పేజీని కాసేపు ఊదింది. పుస్తకం మూసి నాన్నకు ఇచ్చింది. నాన్న దాన్ని రెండు చేతులతో పట్టుకుని, సంచీ మూతి తెరిచి పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను.